రాయి వస్తుందా, రాదా?

2025 ఫిబ్రవరి మూడో వారంలో ఒక సాయంత్రం మా పక్కింటి కుర్రవాడు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. వాడప్పుడు రెండో తరగతి. మామూలుగా అయితే వచ్చీ రాగానే కథ చెప్పమని ప్రాణం తీస్తాడు. ఆ రోజు మాత్రం నోరు మెదపకుండా వేళ్ళు మడిచి ఏదో లెక్క పెట్టుకుంటున్నాడు. కాసేపయాక తల ఎత్తి, "తాతయ్యా, 2032లో నేను పదో తరగతిలో వుంటాను గదూ?" అని అడిగాడు.

"మధ్యలో ఎక్కడా తప్పకపోతే వుంటావు," అన్నాను నేను.

"అయితే నేను పదో తరగతి పరీక్ష రాయనే రాయను. ఆ ఏడు డిసెంబరు 22న ఆకాశంలోంచి పెద్ద రాయి వచ్చి పడుతుందట. నాన్న పేపర్లో చదివాడు. మన దేశం మీద కూడా పడవచ్చునట," అన్నాడు వాడు.

పరీక్ష తప్పిపోయిందన్న సంతోషం వాడి ముఖంలో ఎక్కడా లేదు. వాడు నిజంగానే భయపడ్డాడు.

వాడు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అలాటి రాయి ఒకటి వున్న మాట నిజమే. అది భూమికి తగిలే అవకాశం నూటికి మూడు పాళ్ళు వున్నదని శాస్త్రజ్ఞులు ఆ వారంలోనే ప్రకటించారు. అది పడగల చోట్లను ప్రపంచ పటం మీద గుర్తు పెడితే, పసిఫిక్ మహాసముద్రం తూర్పు భాగంలో మొదలై, దక్షిణ అమెరికా ఉత్తర భాగం, అట్లాంటిక్ మహాసముద్రం, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా మన దక్షిణాసియా దాకా ఒక పొడవాటి పట్టీ ఏర్పడింది. అందుచేత మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కూడా ఆ వార్తను రెండేసి సార్లు చదివారు. ఆ రాయి ఎలా దొరికిందో, చివరికి దాని సంగతి ఏమయిందో ఈ నెల చెప్పుకుందాం.

సూర్యుడి చుట్టూ భూమి, కుజుడు, గురుడు మొదలైన గ్రహాలే గాక, లక్షల కొద్దీ రాళ్ళు కూడా తిరుగుతున్నాయి. ఇల్లు కట్టిన చోట ఇటుక ముక్కలూ, కంకరా మిగిలిపోతాయి, చూశారూ? అలాగే సుమారు 450 కోట్ల ఏళ్ళ కిందట గ్రహాలు తయారైనప్పుడు మిగిలిపోయిన ముక్కలివి. వీటిని గ్రహశకలాలు అంటారు. వీటిలో చాలా భాగం కుజుడికీ గురుడికీ మధ్య తమ దారిన తాము తిరుగుతుంటాయి. వాటితో మనకు పేచీ లేదు. కాని కొన్ని ఆ దారి తప్పి, భూమి తిరిగే దారికి దగ్గరగా వస్తుంటాయి. మనం కనిపెట్టి వుండవలసింది వీటినే.

ఈ కాపలా పని చేసే టెలిస్కోపుల్లో ఒకటి దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో వుంది. చిలీ కొండల మీద గాలిలో తేమ తక్కువ. ఏడాదిలో చాలా రాత్రులు మబ్బన్నది వుండదు. అందుచేత ప్రపంచంలోని పెద్ద పెద్ద టెలిస్కోపులను చాలావాటిని అక్కడే పెట్టారు. మన కథ మొదలుపెట్టిన టెలిస్కోపు మాత్రం అంత పెద్దదేమీ కాదు. దాని అద్దం వెడల్పు అర మీటరు. రియో హుర్తాదో అనే చోట వున్న ఈ టెలిస్కోపు పేరు అట్లాస్. ఇలాటివే హవాయీ దీవుల్లో రెండూ, దక్షిణాఫ్రికాలో ఒకటీ వున్నాయి. రాత్రి పడగానే ఇవి ఆకాశాన్ని జల్లెడ పట్టటం మొదలుపెడతాయి.

జల్లెడ పట్టే పద్ధతి చాలా సులువైనది. ఆకాశంలో ఒకే చోటును కొంతసేపు ఆగి, కొంతసేపు ఆగి నాలుగుసార్లు ఫోటో తీస్తారు. నక్షత్రాలు నాలుగు ఫోటోల్లోనూ ఉన్నచోటనే వుంటాయి. ఏ చుక్క అయినా ఫోటో ఫోటోకూ కాస్త జరిగిందా, అది నక్షత్రం కాదన్నమాట. తిరనాళ్ళలో జనమంతా నిలబడి రథాన్ని చూస్తుండగా, ఒక్కడు మాత్రం అందరి మధ్య నుంచి జరుగుతూ పోతే మన కన్ను వాడి మీద పడదూ? ఇదీ అంతే.

2024 డిసెంబరు 27న అట్లాస్‌కు అలా జరిగే చుక్క ఒకటి కనిపించింది. తమాషా ఏమిటంటే, అంతకు రెండు రోజుల ముందే, డిసెంబరు 25న, ఆ రాయి భూమికి 8 లక్షల 29 వేల కిలోమీటర్ల దూరంలో మనల్ని దాటి వెళ్ళిపోయింది. అది చంద్రుడి దూరానికి రెట్టింపు కంటె కొంచెం ఎక్కువ. మనం చూసేసరికి అతిథి గుమ్మం దాటి వీధిలో నడిచిపోతున్నాడు!

దానికి "2024 వై.ఆర్.4" అని పేరు పెట్టారు. ఇదేం పేరని నవ్వకండి. ఈ పేరులో దాని పుట్టినరోజు వుంది. ఏడాదిలో ప్రతి నెలనూ 15వ తేదీ దగ్గర రెండుగా విడగొడితే 24 భాగాలు వస్తాయి గదా. ఇంగ్లీషు అక్షరాల్లో "ఐ" వదిలేసి, ఒక్కొక్క భాగానికి వరసగా ఒక్కొక్క అక్షరం ఇచ్చారు. జనవరి మొదటి సగం "ఎ", రెండో సగం "బి", ఫిబ్రవరి మొదటి సగం "సి". ఇలా పోతే డిసెంబరు రెండో సగానికి "వై" వస్తుంది. రెండో అక్షరం ఆ సగంలో ఎన్నో రాయో చెబుతుంది. "ఐ" పోగా మిగిలిన 25 అక్షరాలూ అయిపోతే మళ్ళీ మొదటికి వచ్చి, పక్కన ఒక అంకె వేస్తారు. "ఆర్" 17వ అక్షరం. పక్కన 4 వున్నది గనక, అంతకు ముందు నాలుగు పాతికలు, అంటే నూరు రాళ్ళు అయిపోయాయి. కాబట్టి మన రాయి ఆ పదిహేను రోజుల్లో 117వది.

కొత్త రాయి కనిపించగానే శాస్త్రజ్ఞులు చేసే పని, అది ఏ దారిన పోతున్నదో లెక్క కట్టటం. ఇందులో ఒక చిక్కు వుంది. అదేమిటో తెలియాలంటే మీ పలక తెచ్చుకోండి. పలకకు ఒక కొసన రెండు చుక్కలు పెట్టండి. రెంటికీ మధ్య బియ్యపు గింజంత ఎడం వుంటే చాలు. ఆ రెంటి మీదుగా స్కేలు ఆనించి, పలక రెండో కొస దాకా గీత గీయండి. ఇప్పుడు రెండో చుక్కను వెంట్రుకవాసి పక్కగా పెట్టి మళ్ళీ గీత గీయండి. చుక్కల దగ్గర రెండు గీతలకూ తేడా కంటికి ఆనదు. కాని రెండో కొసన ఆ గీతల మధ్య వేలు పడుతుంది.

డిసెంబరు చివర శాస్త్రజ్ఞులకు దొరికినవి ఇలాటి దగ్గర చుక్కలే. వాటి మీదుగా వాళ్ళు గీయవలసిన గీత ఎనిమిదేళ్ళ పొడవుది. చుక్క దగ్గర వెంట్రుకవాసి సందేహం వుంటే, 2032 నాటికి అది లక్షల కిలోమీటర్ల సందేహమై కూర్చుంటుంది. అందుచేత వాళ్ళు, "ఇదుగో, ఈ గీత మీదనే వస్తుంది," అని చెప్పరు. "ఈ గీతల కట్టలో ఏదో ఒకదాని మీద వస్తుంది," అంటారు. ఆ కట్టలో నూరు గీతలు వుంటే అందులో ఎన్ని భూమికి తగులుతున్నాయో చూస్తారు. నూటికి ఒకటి తగిలితే అవకాశం ఒక శాతం.

2025 జనవరి చివరి వారంలో వై.ఆర్.4 సంగతి సరిగా అలాగే వచ్చింది. ఒక శాతం దాటేసరికి, ఐక్యరాజ్యసమితి ఆమోదంతో పనిచేసే శాస్త్రజ్ఞుల సంఘం జనవరి 29న దేశాలన్నిటికీ కబురు చేసింది. ఆ సంఘం అలాటి కబురు పంపటం అదే మొదటిసారి. ఫిబ్రవరి 7 నాటికి అవకాశం 2.3 శాతమయింది. 18వ తేదీన 3.1 శాతమయింది. ఇంత పెద్ద రాయికి ఇంత అవకాశం అంతకు ముందెన్నడూ లెక్కలో రాలేదు. మా పక్కింటి కుర్రవాడు నా అరుగు మీద వేళ్ళు మడిచింది అప్పుడే.

"రోజు రోజుకూ పెరుగుతున్నది, తాతయ్యా. అంటే రాయి మన వైపే తిరుగుతున్నదన్నమాటేగా?" అన్నాడు వాడు.

నేను లోపలికి వెళ్ళి పది ఖాళీ కొబ్బరి చిప్పలు తెచ్చాను. మా ఇంటావిడను పిలిచి, మేమిద్దరం అటు తిరిగి వుండగా, ఒక చిప్ప కింద చింతగింజ పెట్టి, పది చిప్పలూ వరసగా బోర్లించమన్నాను. గింజ ఎక్కడ వున్నదీ నాకూ తెలియదు. చివరి చిప్ప మీద సుద్దముక్కతో "భూమి" అని రాశాను.

"ఈ చిప్ప కింద గింజ వుండే అవకాశం ఎంతరా?" అని అడిగాను.

"పదింటిలో ఒకటి," అన్నాడు వాడు.

"అంటే నూటికి పది. ఇప్పుడు రెండో కొస నుంచి ఒక్కొక్కటే ఎత్తు."

వాడు మొదటిది ఎత్తాడు. గింజ లేదు. మిగిలినవి తొమ్మిది గనక "భూమి" అవకాశం నూటికి పదకొండయింది. రెండోదీ, మూడోదీ ఖాళీయే. ఐదు చిప్పలు ఎత్తేసరికి అవకాశం నూటికి ఇరవై. ఎనిమిది ఎత్తాడు. ఇంకా గింజ దొరకలేదు. మిగిలినవి రెండే. నూటికి యాభై! వాడి చెయ్యి తొమ్మిదో చిప్ప మీద ఆగిపోయింది.

"ఎత్తనా, తాతయ్యా?" అన్నాడు వాడు గొంతు తగ్గించి.

"ఎత్తు. చూడకపోతే తెలిసేదెలా?" అన్నాను.

వాడు ఎత్తాడు. గింజ దాని కిందనే వుంది. నూటికి యాభై వున్నది ఒక్క క్షణంలో సున్న అయింది.

"చూశావా? గింజ మొదటి నుంచీ అక్కడే వుంది. అది కదలనూ లేదు, 'భూమి' చిప్ప దగ్గరికి జరగనూ లేదు. మారినదల్లా మనకు తెలిసినది. ఖాళీ చిప్పలు తగ్గిన కొద్దీ మిగిలినవాటి మీద అనుమానం పెరిగింది," అన్నాను.

టెలిస్కోపులో గడిపిన ప్రతి రాత్రీ ఒక చిప్పను ఎత్తటం వంటిదే. కొత్త చుక్క ఒకటి దొరికితే, గీతల కట్ట కొంత సన్నబడుతుంది. భూమి ఇంకా ఆ కట్టలోనే వుంటే, మిగిలిన గీతల్లో భూమికి తగిలేవాటి పాలు పెరుగుతుంది. కట్ట మరీ సన్నబడి భూమి దాని అంచు దాటి బయటపడిందా, అవకాశం ఒక్కసారిగా పడిపోతుంది.

మా చిప్పల ఆట అయిన కొద్ది రోజులకే ఆ పని జరిగింది. ఫిబ్రవరి 18న 3.1 శాతం వున్నది మర్నాడు 1.5 శాతానికి దిగింది. 24వ తేదీకల్లా 0.004 శాతమయింది. అంటే లక్ష గీతలకు నాలుగు. 2032లో ఈ రాయి భూమిని తాకదని తేలిపోయింది. పేపర్లలో మొదటి వార్త పెద్ద అక్షరాలతో వచ్చింది, ఈ వార్త లోపలి పేజీలో చిన్న అక్షరాలతో వచ్చింది. అందుకే కొందరికి ఇప్పటికీ భయం వార్త మాత్రమే గుర్తున్నది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. రాయి భూమి నుంచి దూరమైపోతూ నానాటికీ మసకబారి, నేల మీది టెలిస్కోపులకు అందకుండా పోసాగింది. అప్పుడు ఆకాశంలో వున్న టెలిస్కోపు సాయం వచ్చింది. దాని పేరు జేమ్స్ వెబ్. 2021 డిసెంబరు 25న పంపిన ఈ టెలిస్కోపు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో వుండి పనిచేస్తుంది. దాని అద్దం వెడల్పు 6.5 మీటర్లు. 18 ముక్కలు కలిపి, పైన బంగారు పూత పూసి తయారుచేశారు. ఎండ తగలకుండా టెన్నిస్ కోర్టంత గొడుగు కూడా దానికి వుంది.

దానికి ఎండ ఎందుకు తగలకూడదంటే, వెబ్ ముఖ్యంగా చూసేది వేడిని. ఒక వస్తువు వేడిగా వుంటే దాని నుంచి కంటికి కనిపించని పరారుణ కిరణాలు వస్తాయి. చీకటి వంటింట్లో పొయ్యి మీంచి దించిన పెనం కంటికి కనబడకపోయినా, దగ్గరికి చెయ్యి పెడితే తెలియదూ? వెబ్ లక్షల కిలోమీటర్ల దూరం నుంచి అలా చెయ్యి పెట్టి చూడగలదు.

రాయి ఎంత పెద్దదో తెలుసుకోవటానికి ఇది చాలా అవసరం. నేల మీది టెలిస్కోపులు చూసేది రాయి మీద పడి తిరిగివచ్చే ఎండను. వెన్నెల రాత్రి దూరాన ఆరవేసిన చిన్న తెల్ల తువ్వాలూ, పెద్ద నల్ల గొంగళీ ఒకే మాదిరి వెలుగు ఇవ్వవచ్చు. అందుచేత వై.ఆర్.4 అడ్డం 40 మీటర్లు కావచ్చు, 90 మీటర్లు కావచ్చునని అప్పటిదాకా అనుకున్నారు. 2025 మార్చి 26న వెబ్ దాని వేడిని చూసి, సుమారు 60 మీటర్లని తేల్చింది. మన హైదరాబాదు చార్మినారు ఎత్తుకు కాస్త అటూ ఇటూగా వుంటుందన్నమాట.

ఈలోగా ఇంకో సంగతి బయటపడింది. సన్నబడిన గీతల కట్ట భూమిని వదిలింది గాని చంద్రుణ్ణి వదలలేదు! 2025 జూన్ నాటి లెక్కలో ఆ రాయి చంద్రుడికి తగిలే అవకాశం 4.3 శాతమయింది. తగిలితే చంద్రుడికేమీ ముంచుకు రాదు. వున్న వేల గుంటలకు తోడు ఇంకొక గుంట పడేది, అంతే. ఆ తరవాత రాయి మరీ మసకబారింది. మళ్ళీ 2026 ఫిబ్రవరిలో వెబ్ దాన్ని పట్టుకున్నది. ఆ పరిశీలనతో చంద్రుడు కూడా కట్టలోంచి బయటపడ్డాడు. రాయి చంద్రుడికి 20 వేల కిలోమీటర్లకు పై దూరంలో దాటిపోతుందని తేలింది. నాలుగు శాతమూ సున్న అయింది.

ఈ సంగతి మా కుర్రవాడికి చెబితే సంతోషించాడు. కాని వాడు వూరుకునే రకం కాదు. "తాతయ్యా, ఒకవేళ గింజ 'భూమి' చిప్ప కిందనే వుంటే?" అన్నాడు.

ఇదీ అసలు ప్రశ్న! మీలో చాలామందికి ఈపాటికి ఇది తోచే వుంటుంది. "అలా ఎన్నటికీ జరగదులే," అని వాణ్ణి మభ్యపెట్టటం నాకు ఇష్టంలేక పోయింది. ఎందుకంటే అలా జరిగిన రోజులు వున్నాయి.

1908 జూన్ 30న రష్యాలో సైబీరియా అడవుల మీద, తుంగుస్కా నది దగ్గర, ఇలాటి రాయి ఒకటి ఆకాశంలోనే పేలిపోయింది. అది కూడా మన వై.ఆర్.4 అంతటిదే అయి వుంటుందని అంచనా. రెండువేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నేలకు ఒరిగిపోయింది. అక్కడ వూళ్ళు లేవు గనక సరిపోయింది. ఇంకా వెనక్కి పోతే, మన పక్క రాష్ట్రమైన మహారాష్ట్రలో, బుల్ఢాణా జిల్లా లోణార్ వద్ద గుండ్రని సరస్సు ఒకటి వుంది. వేల ఏళ్ళ కిందట ఆకాశం నుంచి పడిన రాయి నల్లరాతి నేలలో తవ్విన గుంట అది. దాని అడ్డం 1.8 కిలోమీటర్లు. ఎప్పుడైనా అటు వెళితే తప్పకుండా చూడండి.

ఈ మధ్య జరిగినది కూడా ఒకటి వుంది. 2013 ఫిబ్రవరి 15న పొద్దున రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం మీద ఆకాశంలో సూర్యుణ్ణి మించిన వెలుగు వచ్చింది. సుమారు 20 మీటర్ల రాయి గాలిలో మండి పేలిపోయింది. అది సూర్యుడి వైపు నుంచి రావటంచేత ఏ టెలిస్కోపూ దాన్ని ముందుగా చూడలేదు. వెలుగు చూసి జనం ఏమిటా అని కిటికీల దగ్గరికి పరిగెత్తారు. ఉరుము వచ్చేముందు మెరుపు కనిపిస్తుంది గదా! ఇక్కడా అంతే. రెండు నిమిషాలు దాటాక పేలుడు గాలి వచ్చి కొట్టింది. వేల ఇళ్ళ కిటికీ అద్దాలు పగిలి పడ్డాయి. సుమారు 1,500 మంది దెబ్బలు తిన్నారు. వారిలో చాలామందికి తగిలినవి గాజు ముక్కలే.

ఆ వూళ్ళో ఒక బడిలో నాలుగో తరగతి పాఠం చెప్పే టీచరు మాత్రం, వెలుగు కనిపించగానే, 44 మంది పిల్లలను బల్లల కింద దూరి తలలు దాచుకోమన్నది. ఆ వెలుగు ఏమిటో ఆమెకూ తెలియదు. గాలి వచ్చి అద్దాలు పగలగొట్టినప్పుడు గాజు తగిలి ఆమె చెయ్యి తెగింది. పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. ఈ మాట మీరూ గుర్తుంచుకోండి. ఎక్కడన్నా పెద్ద వెలుగు కనిపిస్తే కిటికీ దగ్గరికి పోకూడదు, దూరంగా జరగాలి.

సరే, 20 మీటర్ల రాయికి బల్ల కింద దూరితే చాలు. 60 మీటర్ల రాయి వూరి మీదికి వస్తుంటే? వూరు ఖాళీ చేయించవచ్చు. అంతకన్న మంచి ఉపాయం, రాయి దారి తప్పించటం. ఇది నిజంగా చేసి చూశారు. డిడిమోస్ అని 780 మీటర్ల గ్రహశకలం ఒకటి వుంది. దాని చుట్టూ డిమార్ఫోస్ అనే 160 మీటర్ల పిల్లరాయి, భూమి చుట్టూ చంద్రుడిలాగా, తిరుగుతుంటుంది. ఇవి మనకు ప్రమాదమైనవి కావు, ఉపాయాన్ని పరీక్షించటానికి అనువైనవి మాత్రమే. అమెరికా వారి నాసా సంస్థ డార్ట్ అనే యంత్రాన్ని పంపి, 2022 సెప్టెంబరు 26న, భూమికి సుమారు కోటీ పది లక్షల కిలోమీటర్ల దూరంలో, డిమార్ఫోస్‌ను ఢీకొట్టించింది. యంత్రం బరువు ఆరు క్వింటాళ్ళ లోపు, వేగం సెకనుకు ఆరు కిలోమీటర్లకు పైన. కొండను ఈగ గుద్దినట్టే!

అయినా ఫలితం కనిపించింది. పిల్లరాయి పెద్దరాయి ముందుకూ వెనక్కూ పోయినప్పుడల్లా వాటి వెలుగు కాస్త తగ్గుతుంది. నేల మీది టెలిస్కోపులతో ఆ తగ్గుదలను గంటలు కట్టి చూశారు. గుద్దక ముందు డిమార్ఫోస్ ఒక చుట్టు తిరగటానికి 11 గంటల 55 నిమిషాలు పట్టేది. గుద్దిన తరవాత ఆ చుట్టు 33 నిమిషాలు తగ్గిపోయింది. మనిషి ఆకాశంలోని ఒక వస్తువు నడకను మార్చటం అదే మొదటిసారి. ఆ దెబ్బ ఎలా తగిలిందో దగ్గరగా చూసి రావటానికి యూరపు దేశాలవారు హేరా అనే యంత్రాన్ని 2024 అక్టోబరు 7న పంపారు. 2026 చివర అది అక్కడికి చేరేటట్టు ఏర్పాటు.

ఇప్పుడు మళ్ళీ మీ పలక చూడండి. చుక్క దగ్గర వెంట్రుకవాసి తేడా, గీత చివర వేలంత అవుతుందని చూశాం గదా. ఇంతకు ముందు అది మనకు శత్రువు. దానివల్లనే రాయి ఎక్కడ వుంటుందో తెలియక భయపడ్డాం. ఇప్పుడదే మనకు మిత్రుడు. రాయిని పదేళ్ళ ముందు వెంట్రుకవాసి నెడితే చాలు, పదేళ్ళు నడిచేసరికి అది భూమిని తప్పించుకుని ఎక్కడికో పోతుంది. అదే రాయిని వారం రోజుల ముందు కనిపెడితే, ఎంత గట్టిగా గుద్దినా లాభం లేదు, గీత చిన్నదైపోతుంది. కాబట్టి రాయి ఎంత పెద్దది అన్నదాని కన్న, దాన్ని ఎంత ముందు చూశాం అన్నది ముఖ్యం.

అందుకే కాపలాదార్లను పెంచుతున్నారు. 2025 నవంబరు నాటికి భూమి దారికి దగ్గరగా వచ్చే గ్రహశకలాలు 40 వేలకు పైగా మన లెక్కకు ఎక్కాయి. కిలోమీటరు, అంతకు మించిన పెద్దరాళ్ళు దాదాపు అన్నీ దొరికాయి. వాటిలో ఏదీ వచ్చే నూరేళ్ళలో మన మీదికి రావటం లేదు. 140 మీటర్ల వాటిలో మాత్రం సగం కూడా ఇంకా దొరకలేదు. వై.ఆర్.4 వంటి చిన్నవాటిలో దొరికినవి మరీ తక్కువ. చిలీలోనే, సెర్రో పచోన్ అనే కొండ మీద, 8.4 మీటర్ల అద్దం గల వెరా రూబిన్ టెలిస్కోపును కట్టారు. 2025 జూన్ 23న దాని మొదటి ఫోటోలు ప్రకటించారు. సుమారు పది గంటల పరిశీలనలోనే అది అంతకు ముందు ఎవరూ చూడని 2,104 గ్రహశకలాలను పట్టుకున్నది. వాటిలో ఏడు భూమి దగ్గరికి వచ్చేవి, ఒక్కటీ ప్రమాదమైనది కాదు. ఇక ముందు ఇలాటి వార్తలు తరచు వింటాం. కొన్ని రాళ్ళ అవకాశం మొదట పెరుగుతుంది కూడా. అప్పుడు మీ ఇంట్లో ఎవరైనా కంగారు పడితే, పది కొబ్బరి చిప్పలు తెచ్చి ఆట చూపించండి.

మా పక్కింటి కుర్రవాడు ఇదంతా విని చాలాసేపు ఆలోచించాడు. "అయితే 2032లో నేను పరీక్ష రాయాలన్నమాట," అన్నాడు చివరికి దిగులుగా.

"రాయాలి. ఆ రాయి 2028 డిసెంబరులో మళ్ళీ మన దగ్గరగా వస్తుంది. అప్పటికి నువ్వు ఆరో తరగతి. పేపర్లో దాన్ని గురించి ఏం రాశారో ఆసారి నువ్వే చదివి నాకు చెప్పు," అన్నాను.

పిల్లలూ, మీకొక చిన్న పని. మీ పుట్టినరోజున కొత్త రాయి దొరికితే దాని పేరులో మొదటి అక్షరం ఏది వస్తుందో లెక్క చూసుకోండి. "ఐ" వదిలేయటం మరిచిపోకండి. ఆగస్టు 15న పుట్టినవారికీ, 16న పుట్టినవారికీ ఒకే అక్షరం రాదు, జాగ్రత్త!

2025 జులై 1న అదే రియో హుర్తాదో టెలిస్కోపు ఇంకొక చుక్కను పట్టుకున్నది. అది మన సూర్యుడి కుటుంబంలోదే కాదు, బయటినుంచి వచ్చిన తోకచుక్క! దాని కథ వచ్చే నెల.